ఈ పేజీ ఈ ఇంట్లో తెరుచుకోదు

జీలాంగ్‌లో జూలై. దక్షిణపు గాలి
పెరటి కంచె పలకల్ని ఒక్కొక్కటే ఊపి చూస్తోంది,
ఏది వదులుగా ఉందో అని.
లోపల నేనూ అదే పనిలో ఉన్నాను.

భోజనాల బల్ల చివర, ఇంటిల్లిపాదికీ ఒకటే కంప్యూటరు.
పిల్లలెందరు అని అడిగింది. ఇద్దరన్నాను.
మేదినికి పదిహేను, ఈశాన్‌కి పదమూడు.
పేర్ల పక్కన బొమ్మలు పెట్టమంది.
దానికి నక్క. వాడికి గుడ్లగూబ.
నాకు అడక్కుండానే కిరీటం పెట్టింది.

జూదం: వద్దు. ఆయుధాలు: వద్దు.
పెద్దల విషయాలు...
ఇక్కడ కాస్త ఆగాను.
పెద్దదాన్నై పాతికేళ్లయినా
అందులో ఏమేం వస్తాయో నాకే సరిగ్గా తెలియదు.
వద్దు.
రాత్రి పది దాటితే ఏదీ వద్దు.
టిక్కు పెట్టినప్పుడల్లా
కందిపప్పులో రాయి ఏరి పారేసినంత తృప్తి.

పాస్‌వర్డ్ దగ్గరే చిక్కొచ్చింది.
పుట్టినరోజులు వాళ్లకు తెలుసు,
పెళ్లిరోజు గోడమీద ఫ్రేములోనే ఉంది.
వాళ్లకు తెలియని నన్ను ఎక్కడ పెట్టానా అని వెతికితే
ఏలూరులో, అద్దింట్లో, చెక్క తలుపుల టీవీ దొరికింది.
రెండు రెక్కలూ దగ్గరికి లాగితే మధ్యలో తాళం.
పరీక్షలొస్తే నాన్న ఆ తాళంచెవి
గడ్డం గీసుకునే పెట్టెలో, బ్లేడు కాగితాల కింద దాచేవాడు.
మాకు తెలుసని ఆయనకు తెలుసని
మాకు చాలా ఏళ్లు తెలియదు.
ఆ టీవీ పేరూ, నా టెన్త్ హాల్‌టికెట్టు నంబరూ కలిపి కొట్టాను.
చాలా గట్టిది, అంది పచ్చగీత.

"మా మీద నమ్మకం లేదా?" అంది మేదిని.
"మీ మీద ఉంది, బయటివాళ్ల మీదే లేదు" అన్నాను.
నోట్లోంచి వచ్చాక గుర్తుపట్టాను,
సెకండ్ షోకి వెళ్తానంటే అమ్మ అన్న మాట.
ఈశాన్ ఏమీ అనలేదు.
కుర్చీ వెనక నిలబడి నా వేళ్లు చూస్తున్నాడు.

ఆదివారం నివేదిక వచ్చింది.
అడ్డుకున్నవి: ముప్పై నాలుగు.
ఇరవై ఆరు గుడ్లగూబవి, ఒకటే ఆట,
మంగళవారం, నలభై నిమిషాల్లో.
ఆ పట్టుదల లెక్కల్లో ఉంటేనా!
ఒకటి మా ఆయనది. క్రికెట్ స్కోరు, జూదం కింద పడింది.
రెండు నావే. చికెన్ బ్రెస్ట్ మెత్తగా ఉడకాలంటే ఎలా అని.
నవ్వుకుంటూ కిందికి జరిపాను.

మిగతా ఐదూ నక్కవి.
గురువారం, తొమ్మిదీ యాభై రెండు నుంచి పది కొట్టేదాకా.
ఒకవైపు గడ్డలా తగిలితే మామూలేనా.
పదిహేనేళ్లకు వస్తుందా.
నొప్పి లేకపోతే ప్రమాదమా.
మళ్లీ, పదిహేనేళ్లకు వస్తుందా.
అమ్మ లేకుండా డాక్టరు చూస్తారా.
ఐదింటి పక్కనా ఎర్రటి అక్షరాల్లో: పెద్దల విషయం.

శుక్రవారం పొద్దున టోస్టు మాడ్చింది.
ధ్యాస ఎక్కడుందే అని కసిరాను.

వణుకుతూ సెట్టింగుల్లోకి వెళ్లాను,
ఆరోగ్యం అన్న గడి తెరుద్దామని.
అప్పటికే తెరిచి ఉంది.
మార్చినది: కిరీటం. శుక్రవారం, సాయంత్రం నాలుగూ పది.
నాలుగూ పదికి నేను ఆసుపత్రి లాండ్రీలో
దుప్పట్లు లెక్కపెడుతున్నాను.
ఆట గడి మాత్రం మూసే ఉంది.
అక్క కోసం ఒక్క గొళ్లెం తీసి
తన గొళ్లెం తనే వేసుకున్నాడు పిచ్చి వెధవ.

మేదిని మంచం చివర కూర్చున్నాను.
"చూశావా?"
"చూశాను. నాదే తప్పు" అన్నాను,
ఏ తప్పో విడమరచలేక.
అది చాలాసేపు దుప్పటి అంచు నలిపి,
చూపుడువేలి చివర బొటనవేలు ఆనించి చూపించింది:
ఇంత. బఠాణీ గింజంత.
నేనూ నా వేళ్లతో అంతే కొలిచి చూసుకున్నాను.
బయట ఏదో పలక ఊడి పడ్డ చప్పుడైంది.
ఇద్దరం లేవలేదు.

మంగళవారం తొమ్మిదింటికి స్కాను.
ఈశాన్‌ని ఏమీ అడగలేదు.
పాస్‌వర్డ్ మార్చలేదు.