గోరుకి తగిలింది

హెడ్డు విప్పి గోనెసంచి మీద బోర్లించాక
నాలుగు బోర్లూ బయటపడ్డాయి.
మూడోదాంట్లో తుప్పు.
మొన్న శ్రావణంలో కనకాయలంక కాజ్‌వే మీద
నా అంబాసిడర్ గోదావరిని తాగింది ఈ గొంతుతోనే.
లేసు మూటలు తడవకూడదని
డిక్కీ గురించే కంగారుపడ్డాను.
బోనెట్ కింద ఏం తడిసిందో చూడలేదు.
చూడకుండానే అయిదు నెలలు
చూరు కింద నిలబెట్టేశాను.

పాలకొల్లులో కాలవ వారన రేకుల షెడ్డు.
భద్రాచారి గేజి దించి
ముల్లు వణుకు ఆగేదాకా ఊపిరి బిగబట్టి
సుద్దముక్కతో ఇనుము మీదే రాశాడు:
పన్నెండు, పదకొండు, ఇరవై ఆరు, పదమూడు.
అన్నీ థౌలు. అంగుళంలో వెయ్యో పాళ్లు.
"ఇరవైకి పోదండి. నలభై కొయ్యాలి.
అరవై ఆఖరు. ఆ పైన లైనర్లే."

"చెడింది ఒకటే కదా,
మిగతా మూడూ ఏం పాపం చేశాయి?"
"కాడికి కట్టిన ఎడ్లు
ఒకటి పొట్టీ ఒకటి పొడుగూ అయితే
చేలో ఎలా నడుస్తాయండి?"

సరే కొయ్యమంటే కొయ్యడు.
"ముందు పిస్టన్లు తెండి.
అట్టపెట్టె మీద అచ్చేసిన సైజు నాకొద్దు.
చేతికొచ్చినదాన్ని కొలిచి
దాని ఒంటికి తగ్గట్టు కోస్తాను.
పెళ్లికొడుకుని చూడకుండా
లాల్చీ కుట్టే దర్జీ ఉన్నాడా?"

భీమవరం. సుగన్‌చంద్ కొట్టు.
నిచ్చెనెక్కి కుర్రాడు రెండు పెట్టెలు దించాడు.
నలభై సెట్టు: పాత సరుకు, మైనం కాగితం,
ముట్టుకుంటే వేలికి జిడ్డు.
అరవై సెట్టు: సగం ధర, రింగులు ఉచితం.
"తుప్పు మొత్తం లేచిపోద్ది, అరవై పట్టుకెళ్లండి,
మళ్లీ ఎవడు విప్పుతాడు దీన్ని?"
గాస్కెట్లు, బేరింగులు, ఆయిల్ సీళ్లు
బిల్లు రాస్తూనే ఉన్నాడు.
నేను ఆచారికి ఫోను కలిపాను.
అవతల లేతు మోత. చాలాసేపటికి
"అరవై అయితే అద్దమేనండి.
ఇంకోసారి కొయ్యడానికి గోడే ఉండదు."

జిడ్డు పెట్టె ఒళ్లో పెట్టుకుని
బస్సులో వచ్చాను.

నాలుగు పిస్టన్లలో ఒకటి అర థౌ లావు.
వెనక్కి ఇచ్చెయ్యమంటాడనుకున్నాను.
దాని నెత్తిన రెండు అని గీసి
రెండో బోరుని దానికే కోశాడు.

పని తేలిన రోజు సువార్త కూడా వచ్చింది,
ఎగుమతి కొట్లో నూట పది టేబుల్ ముక్కలు అప్పజెప్పి.
ముప్ఫై ఏళ్లుగా తెల్ల దారంలో
తప్పిన ముడిని చూడకుండానే పట్టే చెయ్యి.
గాజులు పైకి లాక్కుని
మూడో బోరులోకి చిటికెనవేలు దించింది.
కిందకి, ఇంకా కిందకి.
"ఇక్కడ గోరుకి తగుల్తుందండి."

ఆచారి కళ్లజోడు తీసేశాడు.
నా గేజికి రెండుసార్లు కొలిస్తేగానీ దొరకలేదు అది,
అన్నాడు. కావాలనే వదిలానమ్మా.
రింగు అంత కిందకి దిగదు.
ఆ మచ్చ కోసం ఇరవై థౌల గోడ
తినెయ్యడం ఎందుకు?

టార్చి కొట్టి లోపల చూపించాడు.
అటు ఏటవాలుగా కొన్ని గీతలు,
ఇటు ఏటవాలుగా కొన్ని,
ఒకదాన్ని ఒకటి దాటుకుంటూ.
"మరీ నున్నగా ఉంటే నూనె నిలవదు.
ఈ గళ్లలోనే దాక్కోవాలి."
సువార్త వంగి చాలాసేపు చూసింది.
"మా అల్లికే," అంది. "సూది ఏ నంబరు?"
ఆచారికి నవ్వొచ్చింది.

వెయ్యి కిలోమీటర్లు అయ్యేదాకా నలభై దాటొద్దన్నాడు.
నర్సాపురం దారిలో
కొబ్బరి బొండాల ట్రాక్టరు
హారను కొట్టి మరీ మమ్మల్ని దాటిపోయింది.
వెనకసీట్లో సువార్త మూటలు లెక్కపెడుతోంది,
అంకె తప్పితే మళ్లీ మొదటినుంచి.
ముందర, బోనెట్ కింద,
బ్లాకు అంచున ఆచారి పంచితో కొట్టిన నలభై.
దాని పక్కన ఆకురాయితో గీకి
ఇంకో అంకెకి సరిపడా
చోటు శుభ్రం చేసి పెట్టాడు.