మూడు నెలల జీతం

మహారాణిపేటలో ద్విభాష్యం గారి డ్రాయింగు ఆఫీసు
మూతపడ్డ రోజున
నాకు రావలసిన మూడు నెలల జీతానికి
రెండు కుర్చీలిచ్చారు.
రిక్షాలో ఒళ్ళో ఒకటి, కాళ్ళ దగ్గరొకటి.
మా అత్తగారు వాటి చుట్టూ తిరిగి చూసి
"వీటిని ఉడకేసుకు తినాలా?" అంది.

ఏం చెయ్యాలో అప్పటికి నాకూ తెలీదు.
డివైడరు తెరిచి బల్ల మీద నిలబెట్టినట్టు టేకు కాళ్ళు,
చేప వీపులా వంపు తిరిగిన చేతులు,
కూర్చునే చోట చెక్క లేదు, పరుపు లేదు,
అల్లిన పేము, దాని కన్నాల్లోంచి గాలి.
గీసినవాడెవడో గానీ
ఒక్క గీత ఎక్కువ గియ్యలేదు.
ట్రేసింగు కాగితం మీద పద్దెనిమిదేళ్ళు గీసినదాన్ని,
ఎక్కువ గీత ఉంటే నా కంటికి ఆగదు.

ఈ ఊళ్ళో కుర్చీని కాపాడుకోవడమంటే
సముద్రంతో రోజూ బేరమాడటం.
లాసన్స్ బే వైపు కిటికీ తెరిస్తే
ఉప్పు ముందొస్తుంది, గాలి వెనక.
ఇనుప స్క్రూ ఏడాది తిరక్కుండా ఏడుస్తుంది,
టేకు మీద నల్లగా కారుతుంది ఆ ఏడుపు.
ఒక్కొక్కటీ విప్పి, కురుపాం మార్కెట్లో
తూకానికి కొన్న ఇత్తడివి బిగించాను.
తడిగుడ్డ, వెంటనే పొడిగుడ్డ.
ఆర్నెల్లకోసారి అవిసె నూనె,
చెక్క చార ఎటు పోతే అటే చెయ్యి.
నూనె గుడ్డని ఉండచుట్టి మూల పడేయకూడదు,
లోలోపల వేడెక్కి దానంతటదే అంటుకుంటుంది.
తీగ మీద పరిచి ఆరెయ్యాలి.
(ఈ సంగతి కుర్చీల కంటే ముందు
మా ఆయన విషయంలో తెలిసుండాల్సింది.)

పేము లెక్క వేరు.
మే నెలలో పడమర గాలి మూడు రోజులు కొడితే
దాహానికి టిక్కుటిక్కుమంటుంది.
కుర్చీని బోర్లించి
అడుగు నించి నీళ్ళు చిలకరించాలి,
నిద్రపోతున్న పిల్ల మొహం తుడిచినంత మెల్లగా.

ఆ పెద్ద తుఫాను రాత్రి
కిటికీ రెక్క ఊడొచ్చి ఒకదాని పేము చీల్చింది.
ఊళ్ళో కరెంటు లేదు, పాలు లేవు,
అందరూ నీళ్ళ ట్యాంకరు కోసం తిరుగుతుంటే
నేను పేము అల్లేవాడి కోసం తిరిగాను.
సిగ్గేసింది. తిరిగాను.
కంచరపాలెం గేటు దగ్గర దొరికాడు పైడన్న.
చూపు లేదు, వేళ్ళున్నాయి.
బకెట్లో పేము నానేసి
నిలువు, అడ్డం, మళ్ళీ నిలువు, మళ్ళీ అడ్డం,
చివర రెండు ఏటవాలు,
వరండాలో మూడు రోజులు.
"తడి మీద కాస్త వొదులుండాలమ్మా.
ఆరినాక అదే బిగుసుకుంటాది.
ఇప్పుడే బిగిస్తే తెగిపోద్ది."

నిన్న హైదరాబాదు నించి ఒకాయన వచ్చాడు.
మోకాళ్ళ మీద వంగి, ఫోను దీపం వేసి
కుర్చీ కడుపు కింద తెల్లరంగు అంకెలు చదివాడు.
చెప్పిన ధర విని
ఎన్ని నెలల జీతమో లెక్కెయ్యబోయి మధ్యలో మానేశాను.
రెండోదానికి మూడో వంతే ఇస్తానన్నాడు.
"పేము మార్చారు. ఒరిజినల్ కాదు."

పైడన్నకి కబురెట్టాను, ఎందుకో తెలీదు.
మనవరాలి భుజం పట్టుకుని వచ్చాడు సాయంత్రం.
అరచెయ్యి పేము మీద నడిపిస్తూ
ఎడమ మూల ఆగాడు.
"ఇక్కడొక పుల్ల కింద నించి పోవాల,
పై నించి పోయింది. నా తప్పే.
ఆ రోజు మా ఇంటిది కేజీహెచ్‌లో ఉంది."
విప్పి సరిచేస్తావా అన్నాను.
"పదకొండేళ్ళు మోసింది కదమ్మా,
ఇంకేటి సెయ్యమంటావు దాన్ని?"

టీ పట్టుకొచ్చేసరికి
అతను అందులోనే కూర్చుని ఉన్నాడు,
వీపు పూర్తిగా ఆన్చి.
మనవరాలు కాళ్ళ మధ్య దూరి
కన్నాల్లోంచి పైకి చూస్తోంది.
లోపల ఫోను మోగింది, ఆగింది, మళ్ళీ మోగింది.
పైడన్న టీ గ్లాసు
టేకు చెయ్యి మీద పెట్టబోయాడు.
"అక్కడ కాదు పైడన్నా,
మరక పడుతుంది" అన్నాను.