తిన్నాక రెండు గంటలకు

పొద్దున ఆరుంబావుకి
నారాయణగూడ ఫ్లైఓవర్ పక్క సందులో
రెండు షట్టర్లు లేస్తాయి.
ఒకటి మా రక్తపరీక్షల సెంటరుది.
రెండోది షట్టరు కాదు,
అండాలమ్మ బండి మీది నీలం పట్టా.

లోపల నేను పేర్లు అంటిస్తాను,
చిటికెనవేలంత గాజుగొట్టాల మీద:
పేరు, వయసు, పరగడుపా కాదా.
సూది గుచ్చేది ప్రమీల.
అటు చూడండని చెప్పేది నేను.
"ఏమన్నా తిన్నారా?"
రోజుకి అరవైసార్లు అడుగుతాను,
నా కడుపులో టీ చుక్క కూడా లేకుండా.

దూది నొక్కిపట్టి, మోచెయ్యి మడిచి
ఒక్కొక్కరే బయటికొస్తారు.
మెట్లు దిగకముందే ఇడ్లీ ఆవిరి ఎదురొస్తుంది.
అండాలమ్మకు చీటీ చూపించక్కర్లేదు,
మోచేతి మడత చూస్తుంది.
"మళ్ల ఇయ్యాల్నా రక్తం?
అయితే జల్ది తిను, టైం జూస్కో."

వకీలు గుమాస్తా స్కూటీ సీటే బల్ల.
ఇద్దరు ఇంటర్ పిల్లలకి ఒకటే ప్లేటు, రెండు చెంచాలు.
గిన్నెలోంచి పళ్లెంలోకి, పళ్లెంలోంచి గిన్నెలోకి
చట్నీ మాత్రం ఎవరికీ లెక్క లేదు.
పల్లీల ధర పెరిగిన నెలలో
కొంచెం పలచనైంది, అంతే.
మాట పలచనవలేదు.

ఈ పేట చక్కెరంతా
ఆమె గరిటె కిందినుంచే పోతుంది.
పై అంతస్తు డాక్టరుగారు
రెండువందల పది కింద ఎర్రగీత గీస్తారు గానీ
అందులో మనిషిదెంత,
అడిగి పోయించుకున్న అల్లం చట్నీదెంత
ఏ మిషనూ విడదీసి చెప్పదు.

ఛత్తాబజార్లో ముప్పై ఏళ్లు పెళ్లికార్డులు అచ్చేసిన
మొయినుద్దీన్ సాబ్ మూడునెలలకోసారి వస్తారు.
రెండిడ్లీలు బుద్ధిగా తింటారు.
తర్వాత అటూ ఇటూ చూసి
ఒక మైసూరు బోండా.
నాకు దొరికిపోతే నవ్వుతారు:
"రిపోర్టొచ్చేదాకా మనం బేకసూర్, బేటీ."

మొన్న పదకొండింటికి
పట్టా కప్పేసి, చెయ్యి కొంగుకు తుడుచుకుంటూ
అండాలమ్మే మెట్లెక్కింది.
అలవాటుగా నోరు జారింది నాకు:
"ఏమన్నా తిన్నారా?"
"ఏంది బిడ్డా, బండి కాడ నిలవడ్డోళ్లు
తినేదెప్పుడు?"
నాలుగింటికి లేచిన మనిషి.
పదకొండయినా పరగడుపే.

పేరు రాశాను. వయసు నలభై ఏడంది,
కాసేపాగి, యాభై వేసుకోమంది.
ఇడ్లీపాత్ర మూతకి కాలి గట్టిపడ్డ చేతిలో
నరం దొరకడానికి ప్రమీల రెండుసార్లు వెతికింది.

ఆ తర్వాత తినాలి కదా, టెస్టు కోసమైనా.
మళ్లీ పట్టా తీశారు.
మరిది కొడుకు శ్రవణ్ వడ్డించాడు.
తన బండికి అవతలివైపు
మొదటిసారి నిలబడింది అండాలమ్మ.
ఒక ముక్క చట్నీలో ముంచి
నోట్లో పెట్టుకుని ఆగిపోయింది.
"ఉప్పు తక్కువున్నది గదరా!
ఇన్ని దినాలు ఒక్కడు జెప్పలే?"
ఎవరూ చెప్పలేదు.
మాకు ఆ రుచే రుచి అనుకున్నాం.

రెండు గంటలు మా బెంచీ మీద కూర్చుంది.
చేతులెక్కడ పెట్టుకోవాలో తెలీక
ఒళ్లో పెట్టుకుంది, తీసింది,
ఎవరో మరిచిపోయిన పేపరు మడిచింది,
మళ్లీ విప్పింది.

మా సెంటరు ఆమెకి రూపాయి తగ్గించలేదు.
సాయంత్రం కవరు నేనే తీసుకెళ్లి ఇచ్చాను.
నేను విప్పి చూశానని ఆమెకు తెలుసు.
నా మొహం చూడకుండా
కవరు తీసి పల్లీల డబ్బా కింద పెట్టింది.
"రేపు జూస్తలే. నువ్వు తిన్నవా?"

లేదన్నాను.
మూడు ఇడ్లీలు, ఒకటి కొసరు.
చట్నీలో ఆ రోజు ఉప్పెక్కువ.
నేనూ చెప్పలేదు.
చట్నీ మరకల కోడ్ మీద ఫోను పెట్టగానే
బండికి కట్టిన డబ్బా
సందంతా వినబడేలా అరిచింది:
ముప్పై రూపాయలు అందాయి.