సుద్దగీత

అఫ్జల్‌గంజ్ పళ్ళ దవాఖానాలో
మూడో నంబరు కుర్చీ మీద
ఏడేళ్ళ హంసిక నోరు తెరిచింది.
వాన నీళ్ళు కలిసిన ఇరానీ చాయ్ రంగు పళ్ళు,
అరిగిన సబ్బుబిళ్ళల్లా అంచులు.

పక్కన వాళ్ళ తాత, మేర సాంబయ్య.
సుల్తాన్ బజార్ మెట్ల కింద నలభై ఏళ్ళుగా జాకెట్లు కుట్టినవాడు
మెడలో టేపు తీయకుండానే వచ్చాడు.
మొన్న సర్వపిండి కొరికితే రాలిన పెచ్చుల్ని
లైనింగు ముక్కలో మూటకట్టి తెచ్చాడు.

ఆయనకి చెప్పాల్సింది నేను.
ఎలా చెప్పను?
చిగుళ్ళ కింది చీకట్లో వరసగా నిలబడ్డ కణాలు
వెనక్కి నడుస్తూ పంటిని కడతాయని,
అడుగు వెనక్కి వేసినప్పుడల్లా
ముందర కాస్త పీచు పరుస్తాయని,
వచ్చిన దారి పొడవునా
సన్నటి తోకొకటి విడిచిపోతాయని,
రేపు చల్లటి నీళ్ళకి జివ్వుమనేది ఆ దారులేనని.

పీచు ఒక్కటే చాలదు.
పొడవాటి ప్రోటీన్ ఒకటి వస్తుంది,
మడత విప్పని తానులాగా.
అట్లాగే ఉంటే అది దేనికీ పనికిరాదు.
ఒక ఎంజైమ్ వచ్చి
తనకు తెలిసిన చోట,
ఆ ఒక్క చోటే,
కటుక్కున తెంపాలి.
తెగిన ముక్కల్లో ఒకదాని ఒంటినిండా ఫాస్ఫేటు.
అది కాల్షియాన్ని రా రమ్మంటుంది.
అప్పుడు గానీ మెత్తనిది గట్టిపడదు.

ఎక్కువ చెప్పానేమోనని ఆగాను.
సాంబయ్య టేపు కొస వేలికి చుట్టాడు, విప్పాడు.
"తెగాల్సినకాడ తెగలే. అంతేనా?"
అంతే.
"మరి తప్పు కత్తెరదా, బట్టదా?"

ఆర్నెల్లు తార్నాక ల్యాబులో
జెల్ మీద నీలిగీతలు లెక్కపెడుతూ
మేం అడిగిందీ ఇదే.
మాకు నలభై స్లైడ్లు పట్టింది.

బట్టదే, సాంబయ్యా.
కత్తిరించాల్సిన గుర్తు దగ్గర ఒక్క అక్షరం మారింది.
కత్తెర వచ్చింది, తడుముకుంది,
గీత కనబడక తిరిగిపోయింది.

"కుట్టు తప్పితె ఇప్పొచ్చు," అన్నాడు, ఎవరితోనో అన్నట్టు.
జేబులోంచి సుద్దబిళ్ళ తీశాడు,
తిప్పి చూశాడు,
బొటనవేలితో అంచు తుడిచి
మళ్ళీ లోపల పెట్టుకున్నాడు.

హంసిక నోరింకా తెరిచే ఉంది.
ఆ తెరిచిన నోటితోనే అడిగింది:
"ఇవి పాలపండ్లే గద?
ఊడినంక మంచియి వస్తయి గద?"

బయట మూసీ వంతెన మీద బస్సుల హారన్లు.
నేను చేతిలో అద్దం కడిగాను.
కడిగిన అద్దాన్నే
మళ్ళీ కడిగాను.