ఊకలో ఎనిమిది దిమ్మలు

పల్లిపాలెం ఐసు ఫ్యాక్టరీలో
రాత్రి డ్యూటీ నాది.
అక్క కూతురు దైవమణికి తెల్లారితే సాంఘిక శాస్త్రం పరీక్ష.
ఇంటికాడ కరెంటు పోయిందని
ఈ అమోనియా వాసనలో
బోర్లించిన రొయ్యల ట్రే మీద కూర్చుని
ఉత్తర ధ్రువం దేశాలు వల్లె వేస్తోంది.

రష్యా, కెనడా, నార్వే గబగబా వచ్చేశాయి.
అమెరికా ఎందుకుందే అందులో అన్నాను.
"అలాస్కా మావయ్యా, డబ్బులిచ్చి కొనుక్కున్నారంట."
మంచుని కూడా కొంటారా అనబోయి
దిమ్మల ధర రాసిన నా లెక్కల పుస్తకం చూసి ఊరుకున్నాను.

డబ్బాలోంచి జారిన దిమ్మకల్లా ఒక పేరు పెట్టింది.
తడి మీద బొగ్గు నిలవదు.
వేలితో రాసింది.
అక్షరం ఉన్నచోట చిన్న గుంట మిగిలింది.

ఐస్‌లాండుకి సగం దిమ్మే ఇచ్చింది,
వాళ్ళది చిన్న దీవొక్కటే గీతని తాకిందట.
ఫిన్లాండుకీ స్వీడనుకీ ఆ సముద్రం ఒడ్డే లేదట,
అయినా లెక్కలో ఉన్నారు,
కాలవ చివరి చేలకి నీళ్ళు అందకపోయినా
శిస్తు పుస్తకంలో పేరున్నట్టు.

ఎనిమిదోది ఎంతకీ నోటికి రాదు.
"చిన్న దేశం మావయ్యా. కిందెక్కడో ఉంటది.
కానీ పైన బోల్డంత మంచు దానిదే."
రాజోల్లో మేడ మీద కూర్చున్న ఆసామికి
ఏటవతల లంకంతా ఉన్నట్టా?
"ఆఁ! డెన్మార్కు!"
ట్రే మీంచి గెంతింది.
గ్రీన్‌లాండు అని కూడా రాద్దామంటే
దిమ్మ మీద చోటు చాల్లేదు.

రెండున్నరకి వంజరాల పడవ వచ్చింది.
ఓలేటి పెదకాపు రేవులోంచే కేకేశాడు.
రష్యాని రంపంతో కోశాను.
కెనడా మరలో పడి పిండైంది.
నార్వేని గంపల్లో చేపల మధ్య దట్టించాను.

"ఆ మంచు కరిగితే సముద్రం పెరుగుద్దా మావయ్యా?"
పుస్తకంలో ఏముందో నాకు తెలీదే.
నిండు గోలెంలో తేలే ముక్క
తెల్లార్లూ కరిగినా చుక్క పొర్లదు,
పంతొమ్మిదేళ్ళుగా చూస్తున్నాను.
అరుగు మీద దిమ్మ కరిగి
గోలెంలోకి కారిన రోజే
నా కాళ్ళు తడుస్తాయి.

ఆ పిల్ల అరుగు వైపు చూసింది.
అక్కడ మిగిలింది డెన్మార్కే.
గోనెపట్టా కప్పింది, దోసిళ్ళతో ఊక పోసింది,
వెళ్ళొచ్చి మళ్ళీ పోసింది.

తెల్లారి గేటు తీస్తే
పోటు నీళ్ళు సైకిళ్ళ షెడ్డు దాకా ఉన్నాయి.
పోయినేడు గేటవతలే ఆగేవి.
ఒక చేత్తో చెప్పులు పట్టుకుని
రెండో చేతి కణుపుల మీద దేశాలు లెక్కెట్టుకుంటూ
బడి వైపు
పిక్కల్లోతులో నడిచింది దైవమణి.