తువాలు కింద

మిర్చి యార్డులో అడుగుపెడితే ఎవరికైనా పొలమారుతుంది.
ఎవరో తలుచుకుంటున్నారంటారు, ఇళ్లల్లో అయితే.
ఇక్కడ ఒక్క ఉదయాన లక్ష టిక్కీలు తలుచుకుంటాయి.

కొట్లో గుమస్తాగా చేరిన కొత్తలో
చిట్టా కంటే ముందు నాకు వేళ్లు నేర్పారు.
తువాలు కప్పి, కింద చెయ్యి పట్టుకుని
ఒక వేలు నొక్కితే వంద,
నాలుగూ కలిపి పట్టుకుంటే నాలుగొందలు,
అరచేతిలో అడ్డంగా గీస్తే సగం.
పైకి మాత్రం ఎండల గురించి,
అరండల్‌పేటలో కొత్తగా పెట్టిన హోటలు గురించి.

మస్తాన్‌వలి చెయ్యి నాకు మొహం కంటే బాగా గుర్తు.
ఉంగరమున్న వేలు దగ్గర ఎప్పుడూ మొండికేసేది.
ఒక మాఘమాసం పొద్దున ఆ చెయ్యి పెనంలా కాలుతోంది.
"బేరం రేపు చూద్దాం, ఇంటికి పో సాయిబూ" అన్నాను.
ఇంకోసారి ఏ వేలూ నొక్కకుండా
ఊరికే పట్టుకుని నిలబడ్డాడు చాలాసేపు.
రాత్రే తమ్ముణ్ణి మట్టిచేసి వచ్చాడని
సాయంత్రం ఎవరో చెప్పారు.

నిజం కూడా చెప్పాలి.
ఆ తువాలు కింద రైతు చెయ్యి ఏనాడూ లేదు.
కాయ తెచ్చినవాడు అవతల నిలబడి
మా మోచేతుల కదలిక చూసి గుటకలు మింగేవాడు.
ఇప్పుడు దుర్గి నుంచి వచ్చిన కుర్రాడు
బస్తా మీద కూర్చుని, ఫోన్ చూసి
ఖమ్మంలో తేజ ఎంత పలికిందో నాకే చెబుతున్నాడు.
మంచిదే. ఆ తువాలు మళ్లీ కప్పమని నేనడగను.

హమాలీ యేసోబుకి పుట్టుకతోనే మాట లేదు, వినికిడి లేదు.
ఇరవయ్యేళ్లు మేమతనితో
ఎత్తు, దించు, ఈ రెండే మాట్లాడాం.
ఇప్పుడు భోజనాల వేళ
కాటాకి ఫోన్ ఆనించి, రెండు చేతులతో
పొన్నూరులో ఉన్న పెళ్లాంతో పోట్లాడుతున్నాడు.
ఎర్ర దుమ్ములో ఆ చేతులు, అబ్బ,
ఎంత వాగుడుకాయో మనిషి!
ఎవరికి తెలుసు ఇన్నాళ్లూ.

మస్తాన్‌వలి దగ్గర్నుంచి రోజూ
పసుపుపచ్చ బొటనవేలి బొమ్మ వచ్చేది.
రేటు పెడతాను, వేలు వస్తుంది, లారీ కదులుతుంది.
జ్వరం రాని వేలు. మొండికేయని వేలు.
మొన్న కోల్డ్ స్టోరేజీ దగ్గర ఎవరో అన్నారు:
ఆర్నెల్లయింది కదా కుడిపక్క పడిపోయి,
ఫోను వాళ్లబ్బాయి చూస్తున్నాడు, నీకు తెలీదా?

ఆర్నెల్లు.
రంజానుకి శుభాకాంక్షలు కూడా పెట్టాను ఆ వేలికి.
తిరిగి వేలే వచ్చింది.

ఆదివారం సంగడిగుంట వెళ్లాను.
మంచం పక్కన స్టూలు వేశారు. టీ ఇచ్చారు.
ఏం మాట్లాడాలో తోచక ఎండల గురించి మొదలుపెట్టాను.
భుజం మీది తువాలు ఎప్పుడు తీశానో తెలీదు,
దాని కింద నా చేతిలోకి
చల్లగా వచ్చింది అతని ఎడమ చెయ్యి.
రెండు వేళ్లు నొక్కింది. ఆగింది. మళ్లీ ఒకటి.
ఎడమచేతి లెక్క నాకెవరూ నేర్పలేదు.
అయినా అతను చెబుతూనే ఉన్నాడు,
నేను ఎండల గురించి మాట్లాడుతూనే ఉన్నాను.