రెండు తలల రెయిన్‌కోటు

హుయే నగరంలో అక్టోబరు వానని
వచ్చిందా అని ఎవరూ అడగరు.
ఇంకా ఉందా అంటారు. ఉంటుంది.

అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు.
బండి మీద ముందు లువా పిన్ని,
వెనక బాతుగుడ్ల బుట్టలు, నడుమ నేను.
రెండు తలల రెయిన్‌కోటులో రెండో తల నాది,
ఆ కంతదాకా ఇంకా ఎదగలేదు గానీ.
నీలం ప్లాస్టిక్ చీకట్లో
ఆమె వీపే నా రోడ్డు.

వీపు బిగిస్తే తెల్లగీతలు వచ్చినట్టు,
తడిసిన రంగు మీద టైరు నిలవదు.
వదులైతే మలుపు దాటినట్టు.
"అడుగు కనపడని నీళ్ళని నమ్మకు,
లారీ వెళ్ళిన జాడలో పో.
బ్రేకుని గుడ్డు పట్టినట్టు పట్టు."
నాకే చెప్పేదో, బండికే చెప్పేదో.
మేజోళ్ళ మీద రొట్టెల సంచులు, వాటికి రబ్బరు బాండ్లు,
చొక్కా లోపల రొమ్ముకి నిన్నటి పేపరు.
బళ్ళో పిల్లలు చూస్తారని
నేను వీధి చివరే దిగేసేదాన్ని.

ఇవాళ ముందు తల నాది.
ఆస్పత్రి నించి వస్తున్నాం, పిన్ని కుడికంటికి కట్టు.
వంతెన కింద, ఆగిన అన్ని బళ్ళ మధ్యా వంగి
ఆమె పాదాలకి సంచులు కట్టాను.
"నాకెందుకే, నడిపేది నువ్వైతే" అంది.
కట్టించుకుంది మాత్రం.

డోంగ్ బా బజారు దగ్గర
ఎవడో గొడుగు అడ్డం పెట్టుకుని రోడ్డెక్కాడు.
నా చెయ్యి లివరు మీద బిగుసుకుపోయింది.

వెనకనించి, ఆ నీలం చీకట్లోంచి,
రెండు వేళ్ళు నా నడుముని
గుడ్డు పగలనంత మెల్లగా
నొక్కాయి.